జపనీస్‌లో ‘లోపలివారు, బయటివారు’ తేడా తెలిసి మాట్లాడడం ఎలా?

జపనీస్ నేర్చుకుంటున్నవారు, హైదరాబాదులో కూర్చొని జపాన్ క్లయింట్లతో పనిచేసే ఇంజనీర్లు, శ్రీసిటీలోని జపాన్ కంపెనీల ఉద్యోగులు, టోక్యోకు కొత్తగా వెళ్ళినవారు నన్ను అడిగే ప్రశ్నలు పైకి వేరువేరుగా కనిపిస్తాయి. మా నాన్నగారిని ‘ఒతోసాన్’ (నాన్నగారు) అంటే టీచరు ఎందుకు దిద్దారని ఒకరు, క్లయింటు ముందు మా మేనేజరు పేరుకు ‘సాన్’ (మన ‘గారు’ లాంటిది) చేర్చితే తప్పేమిటని మరొకరు, ‘ఇచ్చారు’ అన్న ఒక్క మాటకు అక్కడ రెండు క్రియలెందుకని ఇంకొకరు అడుగుతారు. ఇవన్నీ ఒకే ప్రశ్నకు రూపాలు. ఉచి అంటే లోపల, ఇల్లు, మావాళ్ళు. సొతొ అంటే బయట, బయటివారు. మాట్లాడే ప్రతి క్షణంలోనూ ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ పడుతుందో తెలుసుకోవడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను.

సిద్ధాంతం ఎంత కావాలో అంతే చెబుతాను. తెలుగులో గౌరవం మనిషిని అంటిపెట్టుకొని ఉంటుంది. నాన్నగారు ఇంట్లోవారితో మాట్లాడినప్పుడూ నాన్నగారే, ఊరివారితో మాట్లాడినప్పుడూ నాన్నగారే. కొరియన్ భాషలో కూడా తండ్రి గురించి బయటివారికి చెప్పేటప్పుడు గౌరవం తగ్గించరు. జపనీస్‌లో మాత్రం గౌరవం వినేవారిని బట్టి చోటు మారుతుంది. బయటివారి ఎదుట మనవారిని మనతోపాటు తగ్గించి, ఎదుటివారి పక్షాన్ని పైకెత్తాలి. తెలుగువారి తప్పుల్లో ఎక్కువ భాగం పెద్దలను గౌరవించాలన్న మంచి అలవాటులోంచే పుడుతున్నాయి కనుక, దిద్దుకునేటప్పుడు మనసుకు కొంత కష్టంగానే ఉంటుంది. అక్కడ ‘సాన్’ తీసేయడం అమర్యాద కాదనీ, వింటున్నవారికి చేసే మర్యాద అనీ గట్టిగా గుర్తుంచుకోండి.

కావలసినవి

దెసు, మసు అని మర్యాదగా ముగిసే రూపాలతో చిన్న చిన్న వాక్యాలు చెప్పగలిగే స్థాయి చాలు. ఒక నోటుపుస్తకం, సొంత మాటలు రికార్డు చేసుకోవడానికి ఫోను, మొహమాటం లేకుండా దిద్దే జపనీస్ మిత్రులో టీచరో ఒకరు ఉండాలి. జపనీస్ మాటలను నోటుపుస్తకంలో తెలుగు లిపిలో రాసుకుంటే మంచిదని నా సలహా, ఎందుకంటే ఎ, ఏ, ఒ, ఓ తేడాలు మన లిపిలో స్పష్టంగా నిలుస్తాయి. ‘ఒజిసాన్’ అంటే మామయ్యో బాబాయో, ‘ఒజీసాన్’ అంటే తాతగారు. ఒక్క దీర్ఘంతో మనిషే మారిపోతాడు.

1. నోరు తెరిచేముందు గీత గీయండి

ఇందుకు తెలుగులోనే సిద్ధంగా ఉన్న కొలబద్ద ఒకటుంది. మనకు ‘మేము’, ‘మనం’ అని రెండు మాటలున్నాయి. ‘మేము’లో వినేవారు ఉండరు, ‘మనం’లో ఉంటారు. ఎవరి గురించి మాట్లాడబోతున్నారో వారిని ఈ వినేవారితో తెలుగులో ఎలా ప్రస్తావిస్తారో ఒక్క క్షణం మనసులో అనుకోండి. ‘మా మేనేజరుగారు’ అని వస్తే ఆయన ఉచి, వినేవారు సొతొ. కాబట్టి ‘గారు’ పోవాలి. ‘మన మేనేజరుగారు’ అని వస్తే వినేవారు కూడా గీతకు ఈవలే ఉన్నారు కనుక ‘గారు’ ఉండాలి. ‘మీ మేనేజరుగారు’ అని వస్తే గౌరవం తప్పనిసరి. క్లుప్తంగా చెప్పాలంటే, ‘మా’ వచ్చిన చోట ‘గారు’ పోతుంది. జపనీస్‌లో ‘ఉచి నొ’ అన్న మాట మన ‘మా’కు దాదాపు సరిపోతుంది. మనం ‘నా ఇల్లు’ అనకుండా ‘మా ఇల్లు’ అన్నట్టే, వారు ‘ఉచి నొ కొ’ అంటే మా అబ్బాయో అమ్మాయో అని అర్థం.

హెచ్చరిక: గీత జాతిని బట్టి పడదు. హైదరాబాదు బృందాలు తరచుగా చేసే పొరపాటు, జపనీయులందరినీ ఒకవైపు, తెలుగువారందరినీ ఇంకొకవైపు పెట్టుకోవడం. మీ కంపెనీలో పనిచేసే జపనీస్ అధికారి యమద మీకు ఉచి. క్లయింటు కంపెనీలో చేరిన మీ బాల్యమిత్రుడైనా ఆ సమావేశంలో సొతొ. క్లయింటు ఎదుట యమదగారు వట్టి ‘యమద’ అవుతారు, మీ పక్క కుర్చీలోని సహోద్యోగి వట్టి ‘రమేశ్’ అవుతాడు.

మినహాయింపు కూడా చెప్పాలి. ఒకే కంపెనీలో వేరే విభాగంవారితో మాట్లాడేటప్పుడు మనం తెలుగులో ‘మా మేనేజరు’ అనవచ్చు గానీ, అక్కడ సాధారణంగా కంపెనీ మొత్తం ఒకే గీతలో ఉంటుంది. కాబట్టి పదవితో కలిపి గౌరవంగానే ప్రస్తావించండి.

2. బంధువుల పేర్లను జంటలుగా నేర్చుకోండి

మొదటి మాట మీ ఇంటివారి గురించి బయటివారికి చెప్పేటప్పుడు, రెండవది ఎదుటివారి ఇంటివారి గురించి మాట్లాడేటప్పుడు.

నాన్న: చిచి, ఒతోసాన్
అమ్మ: హహ, ఒకాసాన్
అన్న: అని, ఒనీసాన్
అక్క: అనె, ఒనేసాన్
తమ్ముడు: ఒతోతొ, ఒతోతొసాన్
చెల్లెలు: ఇమోతొ, ఇమోతొసాన్
తాత: సొఫు, ఒజీసాన్
అమ్మమ్మ, నాయనమ్మ: సొబొ, ఒబాసాన్
భర్త: ఒత్తొ, గొషుజిన్
భార్య: త్సుమ, ఒకుసాన్

అన్నకూ తమ్ముడికీ, అక్కకూ చెల్లెలికీ వేరువేరు మాటలుండడం మనకు కొత్త కాదు కనుక ఈ పట్టిక త్వరగానే పట్టుబడుతుంది. ఒక్క సంగతి మరచిపోవద్దు: పిలవడం వేరు, ప్రస్తావించడం వేరు. మీ నాన్నగారిని ఎదురుగా పిలిచేటప్పుడు ‘ఒతోసాన్’ అనే పిలుస్తారు, చెల్లెలితో ఆయన గురించి మాట్లాడినా అదే మాట. పొరుగింటివారితో చెప్పేటప్పుడే ఆయన ‘చిచి’ అవుతారు.

ఇదే వరుసలో ‘ఒ’, ‘గొ’ అనే ముందుచేర్పులను కూడా గమనించండి. ‘ఒనమఎ’ అంటే మీ పేరు, ‘గొకజొకు’ అంటే మీ కుటుంబం. ‘వతషి నొ (నా) గొకజొకు’ అంటే తన కుటుంబానికి తానే పీట వేసుకున్నట్టు అవుతుంది. మన సంగతి చెప్పేటప్పుడు వట్టి ‘నమఎ’, వట్టి ‘కజొకు’ అనాలి.

3. ఆఫీసులో పేర్లు, పదవులు

బుచో అంటే విభాగాధిపతి. ‘యమద బుచో’ అని పదవిని పేరు వెనుక చేర్చితే అది గౌరవం. లోపలివారి మధ్య అలాగే అనాలి. బయటివారికి పదవి తెలియాలంటే దాన్ని ముందుకు తెచ్చి ‘బుచో నొ యమద’ అనండి. అప్పుడు అది వట్టి సమాచారంగా నిలుస్తుంది. మన కంపెనీని ‘హెఇష’ అనీ, ఎదుటివారి కంపెనీని నోటితో చెప్పేటప్పుడు ‘ఒన్‌ష’ అనీ, రాతలో ‘కిష’ అనీ అంటారు. పరిచయం చేసేటప్పుడు ముందుగా మనవారిని బయటివారికి, ఆ తరువాత బయటివారిని మనవారికి పరిచయం చేయాలి.

ఈమెయిలులో మొదటి వాక్యమే గీతను చూపిస్తుంది. కంపెనీ లోపలివారికి ‘ఒత్సుకరెసమ దెస్’ (శ్రమపడ్డారు అనే పలకరింపు) అనీ, బయటివారికి ‘ఇత్సుమొ ఒసెవ ని నత్తె ఒరిమస్’ (ఎప్పుడూ మీ సహకారం పొందుతున్నాం) అనీ మొదలుపెడతారు. కాపీ వెళ్ళేవారి జాబితాలో బయటివారు ఒక్కరున్నా ఆ ఉత్తరమంతా బయటి ఉత్తరమేనని భావించి, మనవారి పేర్ల వెనుక ‘సాన్’ తీసేయండి.

4. క్రియలను రెండు కుప్పలుగా పెట్టండి

2007లో జపాన్ సాంస్కృతిక మండలి వెలువరించిన మార్గదర్శకంలో గౌరవభాషను ఐదు రకాలుగా విభజించారు. మీకు మొదట అవసరమైనవి రెండే: మనల్ని, మనవారిని తగ్గించే క్రియలు, ఎదుటివారిని పెంచే క్రియలు. కింది వరుసలో మొదటిది తగ్గించేది, రెండవది పెంచేది.

ఉండడం: ఒరు, ఇరష్షరు
వెళ్ళడం, రావడం: మఇరు, ఇరష్షరు
చెప్పడం: మోసు, ఒష్షరు
చేయడం: ఇతసు, నసరు
తినడం, తాగడం: ఇతదకు, మెషిఅగరు
చూడడం: హఇకెన్ సురు, గొరన్ ని నరు

తగ్గించే క్రియలన్నీ మర్యాదగానే వినిపిస్తాయి కనుక అవి ఎవరికైనా సరిపోతాయనుకోవడం పెద్ద ప్రమాదం. ‘యమద-సమ వ ఒరిమస్ క’ (యమదగారు ఉన్నారా; ‘సమ’ అంటే ‘సాన్’ కన్నా ఎక్కువ గౌరవం) అని క్లయింటు కంపెనీకి ఫోను చేసి అడిగితే, ఎదుటివారి మనిషిని మీరే తగ్గించినట్టు. ‘ఇరష్షఇమస్ క’ అనాలి.

తగ్గించే క్రియల్లోనూ ఒక చిక్కుంది. ‘ఉకగఉ’ అన్నా వెళ్ళడమే, కానీ అది వెళ్ళే చోటనున్న మనిషిని పెంచుతుంది. ‘రేపు మా తమ్ముడి దగ్గరికి వెళుతున్నాను’ అని బయటివారితో చెప్పేటప్పుడు ‘ఉకగఇమస్’ అంటే సొంత తమ్ముణ్ణి పైకెత్తినట్టు అవుతుంది. ‘ఒతోతొ నొ తొకొరొ ని మఇరిమస్’ అంటే సరిపోతుంది, ఎందుకంటే ‘మఇరు’ వినేవారికి మాత్రమే మర్యాద చేస్తుంది.

5. ఫోను ఎత్తడం

అన్నిటికన్నా కష్టమైన పరీక్ష ఇదే, ఎందుకంటే ఆలోచించుకునే వ్యవధి ఉండదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో క్లయింటు నుంచి ఫోను వస్తే, మా అధికారి సీటులో లేరని ‘యమద బుచో వ ఇరష్షఇమసెన్’ అని ఎంతో వినయంగా చెప్పాను (పేరు మార్చాను). అవతలివారు ఒక్క క్షణం ఆగి, ‘అలాగా’ అని పెట్టేశారు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. మరుసటి ఉదయం నా ఫోను పక్కన పసుపు రంగు చీటీ ఒకటి అంటించి ఉంది. పక్క సీటులోని పెద్దావిడ పెన్సిలుతో గుండ్రని అక్షరాల్లో ‘సొతొ ని వ, యమద’ అని రాసి పెట్టారు. బయటివారికి యమద మాత్రమే అని దాని అర్థం. ఆ చీటీ రంగు వెలిసిపోయేదాకా తీయలేదు. మీరూ అలాంటి చీటీ ఒకటి పెట్టుకోండి.

చీటీ మీద ఈ మాటలు కూడా రాసుకోవచ్చు: ‘ఒసెవ ని నత్తె ఒరిమస్. మోషివకె గొజఇమసెన్, యమద వ తదఇమ సెకి ఒ హజుషితె ఒరిమస్. మొదొరిమషితర, ఒదెన్వ సురు యో మోషిత్సుతఎమస్.’ యమద ప్రస్తుతం సీటులో లేరు, రాగానే ఫోను చేయమని చెబుతాను అని దీని భావం. ఇందులో చివరి మాటను ప్రత్యేకంగా చూడండి. ‘ఒత్సుతఎ షిమస్’ అన్నా ‘చెబుతాను’ అనే అర్థమే గానీ, అది కబురు అందుకునేవారిని పెంచుతుంది. కబురు అందుకునేది మీ యమద. అందుకే ‘మోషిత్సుతఎమస్’ అనాలి. ఇన్ని మాటలు నోరు తిరగకపోతే ‘యమద వ ఇమ ఒరిమసెన్’ అని చిన్నగా చెప్పండి. పొడవాటి తప్పు వాక్యం కన్నా అదే మేలు.

6. ‘ఇచ్చారు’ అనేముందు దిక్కు చూడండి

మనకు ఎవరు ఎవరికిచ్చినా ఇవ్వడమే. జపనీస్‌లో వస్తువు గీత లోపలికి వస్తే ‘కురెరు’, లోపలినుంచి బయటికి వెళితే ‘అగెరు’. పుచ్చుకున్నవారు మీరే కానక్కరలేదు, మీ ఉచిలోని వారెవరైనా సరే. యమదగారు మా చెల్లెలికి పుస్తకం ఇచ్చారు అనడానికి ‘యమద-సాన్ గ ఇమోతొ ని హొన్ ఒ కురెమషిత’ అనాలి. అక్కడ ‘అగెమషిత’ అన్నారంటే చెల్లెలిని గీత అవతల నిలబెట్టినట్టే. పెద్దలు ఇస్తే ‘కుదసరు’, పెద్దలకు ఇస్తే ‘సషిఅగెరు’.

ఈ ‘కురెరు’ ఇతర క్రియల వెనుక చేరినప్పుడు దాని అసలు విలువ తెలుస్తుంది. ‘చేసిపెట్టారు’, ‘తెచ్చిపెట్టారు’ అనేటప్పుడు మనకు కలిగిన మేలును ‘పెట్టు’ ఎలా చెబుతుందో, ‘ఒషిఎతె కురెమషిత’ అన్నప్పుడు నేర్పించి మేలు చేశారన్న భావం అలా పలుకుతుంది. ‘యమద-సాన్ గ వతషి ని ఒషిఎమషిత’ అని ఆపేస్తే వ్యాకరణం తప్పు పట్టలేకపోయినా, చేసిన మేలు లెక్కలోకి రానట్టు వినేవారి మనసుకు కొంచెం చల్లగా తగులుతుంది.

హెచ్చరిక: ‘చేసిపెడతాను’ అన్నట్టు క్రియ వెనుక చేరే ‘తె అగెరు’ను పెద్దల విషయంలో వాడవద్దు. సంచి మోస్తానని చెప్పడానికి ‘మొత్తె అగెమషో క’ అంటే ఉపకారం చేస్తున్నానని చాటుకున్నట్టు ఉంటుంది. ‘ఒమొచి షిమషో క’ అనండి.

7. ఇంటికి పిలిస్తే

ఇక్కడ గీత కంటికి కనిపిస్తుంది. మనం చెప్పులు వాకిట్లోనో వరండాలోనో విడిచి గడప దాటుతాం. అక్కడ తలుపు దాటి లోపలికి వెళ్ళాక, గెన్‌కాన్ అనే చోట, చెప్పులతో నిలబడే నేల ఒకటి పల్లంగా ఉంటుంది. దానిని తతకి అంటారు. దాని అంచున ఒక మెట్టు ఎత్తులో అసలు ఇల్లు మొదలవుతుంది. అందుకే ఆతిథ్యమిచ్చేవారు ‘లోపలికి రండి’ అనడం కన్నా ఎక్కువగా ‘అగత్తె కుదసఇ’ అంటారు, అంటే ‘పైకెక్కండి’ అని. ‘ఒజమ షిమస్’ (మీకు ఇబ్బంది కలిగిస్తున్నాను) అని చెప్పి, ఇంటివైపు తిరిగే బూట్లు విడిచి నేరుగా మెట్టు మీద కాలు పెట్టండి. మేజోళ్ళతో తతకి మీద అడుగు వేయకండి. బయటి దుమ్మును లోపలికి తెచ్చినట్టు అవుతుంది. తరువాత పక్కకు ఒదిగి, ఇంటివారికి వీపు చూపకుండా, మోకాళ్ళ మీద వంగి బూట్ల ముక్కులను తలుపువైపు తిప్పి పెట్టండి. తాతామి చాపల గది వస్తే ఇంటి చెప్పులు కూడా విడవాలి. మరుగుదొడ్డిలో దాని చెప్పులు వేరే ఉంటాయి. వాటితో బయటికి రాకుండా చూసుకోండి.

తిరిగి వచ్చేటప్పుడు తెలుగువారికి ప్రత్యేకంగా ఒక ఉచ్చు ఉంది. ‘ఇత్తె కిమస్’ అంటే అక్షరాలా ‘వెళ్ళొస్తాను’. మనం ఎవరింటి నుంచి బయలుదేరినా వెళ్ళొస్తామనే అంటాం, వెళ్తానని అనడం మనకు అశుభం కదా. కానీ జపాన్‌లో ఆ మాట ఆ చోటికి చెందినవారిది, అంటే ఆ ఇంటివారిది లేదా ఆ ఆఫీసువారిది. అతిథి అనవలసింది ‘ఒజమ షిమషిత’ (ఇబ్బంది కలిగించాను).

8. గీత జరిగేదాకా ఆగండి

పరిచయం పెరిగేకొద్దీ బయటివారు లోపలికి వస్తారు. దెసు, మసు జారిపోయి చనువు మాటలు వస్తాయి. ఆ గీతను పెద్దవారో, ముందునుంచి ఉన్నవారో జరపాలి. వారు చనువుగా మాట్లాడినంత మాత్రాన మీరూ వెంటనే అలా మాట్లాడకూడదు. ‘తమెగుచి దె ఈ యొ’, అంటే చనువుగానే మాట్లాడు అని వారు స్పష్టంగా చెప్పాక, ముందు ఒకటి రెండు వాక్యాల్లో మొదలుపెట్టండి.

తరచుగా జరిగే మరికొన్ని తప్పులు

గౌరవాన్ని రెండుసార్లు పొదగడం ఒకటి. ‘ఒష్షరు’లోనే గౌరవం ఉండగా ‘ఒష్షరరెరు’ అనడం ఇలాంటిదే. పనిచేసిన పెద్దలకు ‘గొకురోసమ’ (శ్రమపడ్డారు) అనడం మరొకటి. అది పైవారు కిందివారితో అనే మాట, మీరు ‘ఒత్సుకరెసమ దెస్’ అనండి. బయటివారు చెప్పినదానికి ‘అలాగేనండి’ అనడానికి ‘ర్యోకఇ షిమషిత’ బదులు ‘షోచి షిమషిత’ అనడం సురక్షితం.

సరిగా వచ్చిందో లేదో చూసుకోవడం

‘మీ జపనీస్ చాలా బాగుంది’ అన్న మెచ్చుకోలును రుజువుగా తీసుకోవద్దు. బయటివారిని మొహం మీద దిద్దడం అక్కడ అరుదు. ఆ మెచ్చుకోలు కూడా సొతొకు ఇచ్చే మర్యాదే కావచ్చు. మీ మిత్రుణ్ణి ‘ఇది సరైనదేనా?’ అని అడిగితే అవుననే జవాబు వస్తుంది. రెండు వాక్యాలు రాసి, ‘మీరైతే ఈ రెండింటిలో ఏది అంటారు?’ అని అడగండి. జవాబు సూటిగా వస్తుంది.

వారానికి ఒకసారి మీ ఫోను సంభాషణను, మీ మాటలు మాత్రమే వచ్చేటట్టు రికార్డు చేసి వినండి. ప్రతి క్రియ దగ్గరా ఆగి, ఈ పని చేసింది ఎవరు, వింటున్నది ఎవరు అని రాసుకోండి. ‘మా’వారి పక్కన ‘ఇరష్షరు’ కనబడితే ఎర్ర గీత పెట్టండి.

ఇంకొక అభ్యాసం నాకు బాగా ఉపయోగపడింది. ‘యమదగారు సీటులో లేరు’ అన్న ఒక్క వాక్యాన్నే ముగ్గురు శ్రోతల కోసం రాయండి. సహోద్యోగి అడిగితే ‘యమద బుచో వ సెకి ఒ హజుషితె ఇరష్షఇమస్’. క్లయింటు అడిగితే ‘యమద వ సెకి ఒ హజుషితె ఒరిమస్’. మూడవసారి ఫోను చేసింది యమదగారి భార్య అనుకోండి. ఆమె కంపెనీకి బయటి మనిషే కనుక చాలామంది రెండవ వాక్యాన్నే రాస్తారు. కానీ ఆయన మీకన్నా ఆమెకే ఎక్కువ దగ్గర. తెలుగులో ఆమెతో మీరు ‘మీవారు’ అనే అంటారు. కాబట్టి ఆమెకు ‘యమద బుచో వ తదఇమ సెకి ఒ హజుషితె ఇరష్షఇమస్’ అని చెప్పి, కబురు చెబుతాననడానికి ఈసారి ‘ఒత్సుతఎ షిమస్’ అనాలి.